వాల్వ్ రేడియోలో గుయ్‌మని, గరగరమని సౌండ్ వస్తోందా?

అటక మీంచి పాత మర్ఫీయో ఫిలిప్సో దించితే వెంటనే ప్లగ్గులో పెట్టేయకండి, ముందు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (అంటే కరెంటు బల్బు గుండానే రేడియోకి వెళ్లేలా) పెట్టి ఆన్ చేయండి, బల్బు ఫుల్లుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే. ఇంకోటి, లోపల 250 వోల్టులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ మిగులుతుంది, మీటర్ పెట్టి చూడకుండా చెయ్యి పెట్టొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లయితే చాసిసే (లోపలి లోహపు చట్రం) షాక్ కొట్టొచ్చు.

వాల్యూమ్ సున్నాకి తిప్పినా గుయ్‌మంటుంటే ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్లు (డీసీని నిలకడ చేసేవి) ఎండిపోయి ఉంటాయి. అదే మైక్రోఫారడ్ (కెపాసిటర్ కొలత), వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ ఉన్నది వేయండి, మైక్రోఫారడ్ పెద్దది వేస్తే ఇంకా బాగుంటుందనుకోకండి, రెక్టిఫయర్ వాల్వ్ (ఏసీని డీసీగా మార్చేది) పోవచ్చు. మోటారు బోటులా టుక్‌టుక్‌మన్నా అనుమానం వీటి మీదే.

నాబ్ తిప్పినప్పుడే గరగరమంటే సెట్ ఆఫ్ చేసి కంట్రోల్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పది పదిహేనుసార్లు తిప్పితే చాలు. ఊరికే చిటపటమంటుంటే ఎండు చెక్క పుల్లతో వాల్వుల్ని ఒక్కోదాన్నీ మెల్లగా తట్టండి, ఏది తడితే సౌండ్ మారుతుందో ఆ వాల్వో దాని సాకెట్టో తేడా.

గొంతు బొంగురుగా వస్తూ ఔట్‌పుట్ వాల్వ్ (స్పీకర్‌ని నడిపేది) లోపలి ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపేయండి, కప్లింగ్ కెపాసిటర్ (ముందు వాల్వ్ నుంచి దీనికి సౌండ్ సిగ్నల్ పంపేది) లీకయ్యుండొచ్చు, పాత మైనం కాగితం రకమైతే చెక్ చేయడం కూడా దండగ, మార్చేయడమే.

ఏరియల్ పీకితే గోల ఆగిందా? రేడియో తప్పు కాదు, ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఒక్కోటీ ఆపి చూడండి.