అరవై దాటాక తొలి పుస్తకాన్ని సొంతంగా ప్రచురించుకోవడం ఎలా

అరవయ్యేళ్లు దాటిన తరువాత తొలి పుస్తకాన్ని సొంతంగా వెలువరించాలనుకునేవారు, ఈ పనిలో దేనిని ఇతరులకు అప్పగించవచ్చో, దేనిని ఎట్టి పరిస్థితుల్లోనూ తమ చేతిలోనే ఉంచుకోవాలో ముందుగా నిర్ణయించుకోవాలి. పేజీల అమరిక, ముఖచిత్రం, ముద్రణ వంటి పనులను డబ్బిచ్చి చేయించుకోవచ్చు. రాతప్రతిపై తుది నిర్ణయం, హక్కులు, ఫైళ్లు, అమ్మకపు ఖాతాలు మాత్రం రచయిత వద్దనే ఉండాలి. వయసులో ఉన్నప్పుడు నష్టపోయిన సొమ్మును మళ్లీ సంపాదించుకునే వ్యవధి ఉంటుంది. పదవీ విరమణ తరువాత పొదుపులోంచి తీసి పోగొట్టుకున్నది తిరిగి రావడం కష్టం. అందువల్ల ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రతుల సంఖ్యపై కాక, రాతప్రతిని బాగుచేయించడంపై పెట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఆలస్యంగా రాయడం మొదలుపెట్టినవారికి సమస్య చెప్పవలసిన సంగతులు లేకపోవడం కాదు, ఎక్కువై పోవడం. పుట్టింది మొదలు మనుమల చదువుల దాకా అన్నీ ఒకే సంపుటిలో చేరిస్తే కుటుంబసభ్యులు కూడా చివరిదాకా చదవలేరు. జీవితంలో ఒక దశను గాని, చేసిన వృత్తిని గాని, కళ్లారా చూసిన ఒక మార్పును గాని ఎంచుకుని, దానికి సంబంధించని జ్ఞాపకాలను వేరే నోటుపుస్తకంలో దాచుకోవడం మేలు. వేళ్లు నొప్పిపెట్టేవారు, కళ్లు త్వరగా అలసిపోయేవారు ఫోనులో మాట్లాడి టైపు చేయించుకునే సదుపాయాన్ని వాడుకోవచ్చు, అయితే అలా వచ్చిన పాఠాన్ని అదే రోజు సరిదిద్దుకోకపోతే తాము చెప్పినది ఏమిటో తమకే గుర్తుండదు. టైపు చేసేది అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లోనే జరగాలి. పాత ఫాంట్లలో కూర్చిన పాఠం ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం కాని గుర్తులుగా కనిపిస్తుంది, ఈబుక్‌గా మార్చేటప్పుడు మొత్తం మళ్లీ చేయవలసి వస్తుంది. వారానికి ఒకసారైనా ఫైలును రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుకోవాలి.

స్వీయచరిత్ర రాసేవారు హక్కుల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. మీకు వచ్చిన ఉత్తరం కాగితంగా మీ సొంతమే అయినా, అందులోని మాటలపై కాపీరైట్ సాధారణంగా ఆ ఉత్తరం రాసినవారిది, వారి తరువాత వారి వారసులది. పాటల చరణాలు, పత్రికల్లో వచ్చిన ఛాయాచిత్రాలు వాడుకోవాలంటే అనుమతి అవసరమవుతుంది. జీవించి ఉన్న వ్యక్తుల గురించి నిందగా వినిపించే మాట ఏది రాసినా, దానికి ఆధారం చూపగలరా అని తమను తాము ప్రశ్నించుకోవాలి. చూపలేకపోతే ఆ భాగాన్ని తొలగించడమే మంచిది. పేరు మార్చినంత మాత్రాన రక్షణ దొరకదు, ఎందుకంటే ఊరు, ఉద్యోగం, బంధుత్వం చూసి పాఠకులు ఆ మనిషిని గుర్తుపట్టగలరు.

రాతప్రతి పూర్తయిన వెంటనే ముద్రణకు పరుగెత్తకూడదు. సొంత ప్రచురణలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కొన్ని వారాలు పక్కన పెట్టి, తరువాత దానిని ముగ్గురికి ఇవ్వండి: విషయం తెలిసినవారు ఒకరు, ఏమీ తెలియనివారు ఒకరు, మీకంటే ఒక తరం చిన్నవారు ఒకరు. బాగుందా అని అడిగితే పెద్దవారి మనసు నొప్పించడం ఇష్టంలేక అందరూ బాగుందనే అంటారు. ఎక్కడ చదవడం ఆపారు, ఎక్కడ ఎవరు ఎవరో తెలియలేదు, ఏ భాగం ఇంకా కావాలనిపించింది అని అడిగితే పనికివచ్చే జవాబులు వస్తాయి. ఆ తరువాత వృత్తిగా సంపాదకత్వం చేసేవారిని ఆశ్రయించాలి. పుస్తక నిర్మాణాన్ని చూడడం, వాక్యాలను దిద్దడం, అచ్చుతప్పులు పట్టడం మూడూ వేర్వేరు పనులు. ఎవరు ఏది చేస్తారో, ఎన్ని విడతలు చూస్తారో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మొత్తం అప్పగించేముందు ఒక అధ్యాయాన్ని దిద్దించి చూడండి. మీ గొంతు నిలిచి, తడబాటు మాత్రమే పోయినట్లు కనిపిస్తే ఆ మనిషి సరైనవారు. చివరి ప్రూఫులు, అంటే ముద్రణకు ముందు సరిచూసే నమూనా పేజీలు, కాగితంపైనే చూడాలి, అదీ రచయిత ఒక్కరే చూడకూడదు, ఎందుకంటే తాను రాసినదానిలో లేని అక్షరాన్ని కూడా కన్ను ఉన్నట్లే చదువుకుంటుంది.

పుస్తకం కొలత ఏదైనా ఫరవాలేదు గాని, మీ పాఠకుల్లో మీ వయసువారు ఎక్కువగా ఉంటే అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య ఎడం తగినంతగా ఉండాలి. పేజీలు మిగుల్చుకోవాలని అక్షరాలను కుదిస్తే చదవవలసినవారే పక్కన పెట్టేస్తారు. లోపలి ఛాయాచిత్రాలు అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో ఉండాలి. పుస్తకం వీపు వెడల్పు పేజీల సంఖ్యను, కాగితం మందాన్ని బట్టి మారుతుంది కనుక, పేజీలు ఖాయమయ్యేదాకా పూర్తి ముఖచిత్రాన్ని తుదిరూపానికి తీసుకురాకూడదు.

ముద్రణలో ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. ఆఫ్‌సెట్ పద్ధతిలో, అంటే ముందుగా ప్లేట్లు తయారుచేసి అచ్చువేసే విధానంలో, ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి ఖర్చు తగ్గుతుంది, ఆ తగ్గింపు చూసి ఆశపడినవారి ఇంట్లో అట్టపెట్టెలు పేరుకుపోతాయి. డిజిటల్ ముద్రణలో ఒక్కో ప్రతికి ఖర్చు ఎక్కువైనా కొద్ది ప్రతులే వేయించుకోవచ్చు. దీనిలోనే ఒక రకమైన ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలోనైతే ఆర్డరు వచ్చిన తరువాతే ప్రతి తయారవుతుంది, నిల్వ ఉంచవలసిన అవసరమే లేదు. తొలిసారి వేయించేవారు, నిజంగా డబ్బిచ్చి కొంటారని నమ్మకమున్నవారి పేర్లను కాగితంపై రాసుకుని, దానికి కొద్దిగా కలిపి అన్ని ప్రతులే వేయించడం ఉత్తమం. తిరిగి ముద్రించుకోవడం ఇప్పుడు కష్టం కాదు.

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, 2007 నుంచి ఇది 13 అంకెలతో ఉంది. దానిని ప్రతి దేశంలోనూ అందుకు నియమితమైన సంస్థ ఇస్తుంది, కొన్ని దేశాల్లో ఉచితంగా, మరికొన్నింటిలో రుసుముకు. పేపర్‌బ్యాక్‌కు, గట్టి అట్ట ప్రతికి వేర్వేరు సంఖ్యలు కావాలి. అమ్మకపు వేదిక ఉచితంగా ఇచ్చే సంఖ్యను తీసుకుంటే దానిని సాధారణంగా ఆ వేదిక బయట వాడలేరు, కనుక వీలైనంతవరకు సొంత పేరున తీసుకోవడమే మేలు. అమెజాన్ కిండిల్ వేదికలో ఈబుక్ ధరను, అమ్మే దేశాన్ని బట్టి 35 శాతం లేదా 70 శాతం రాయల్టీ (అమ్మకంలో రచయితకు దక్కే వాటా) పద్ధతులు ఉన్నాయి. అక్కడి సెలెక్ట్ పథకంలో చేరితే 90 రోజులపాటు డిజిటల్ ప్రతిని మరెక్కడా ఉంచకూడదన్న షరతు ఉంది. గడువు ముగిసేలోగా వద్దని చెప్పకపోతే అది పొడిగింపబడుతుంది. భాషను బట్టి సదుపాయాలు మారతాయి కాబట్టి, ఖాతా తెరిచేముందు మీరు రాసిన భాషకు ఆ వేదికలో స్థానం ఉందో లేదో చూసుకోవాలి.

ఇక హెచ్చరిక. విరామంతో పాటు కొంత పొదుపు ఉన్నవారని తెలిసి, వయసు మళ్లిన రచయితలను వెతుక్కుంటూ వచ్చే సంస్థలు ఉన్నాయి. మీ పుస్తకం ఎంపికైందని, సినిమాగా తీస్తారని, పురస్కారానికి పంపుతామని ఫోనులో చెప్పి, రోజు తిరిగేలోగా డబ్బు కట్టమంటారు. సంతకం పెట్టేముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి: హక్కులు ఎవరివి, ఎంతకాలానికి, వద్దనుకుంటే బయటపడే దారి ఏమిటి, ముద్రణకు సిద్ధమైన ఫైళ్లు నాకు ఇస్తారా, నేను ఇన్ని ప్రతులు కొనితీరాలన్న నిబంధన ఉందా, అమ్మకాల లెక్క నేనే చూసుకోగలనా. రాతపూర్వకంగా జవాబివ్వని సంస్థకు రాతప్రతి పంపకండి. సేవకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. డబ్బూ తీసుకుని హక్కులనూ తీసుకోవడం అన్యాయం.

అమ్మకాలకు ప్రకటనలకంటే మనుషులే ఎక్కువ ఉపయోగపడతారు. పాత సహోద్యోగులు, వృత్తి సంఘాలు, గ్రంథాలయాలు, పుస్తకంలోని విషయంపై ఆసక్తి ఉన్న చిన్న బృందాలకు స్వయంగా కబురు చేయండి. రాయల్టీ ఆదాయమే కనుక పన్ను లెక్కల్లోకి వస్తుంది.

ఆఖరుగా, చాలామంది వాయిదా వేసే పని ఒకటుంది. కాపీరైట్‌పై దేశాల మధ్య 1886లో కుదిరి, తరువాత సవరణలు పొందిన బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీరైట్ రచన పుట్టిన క్షణం నుంచే, నమోదు లేకుండానే వర్తిస్తుంది, రచయిత మరణం తరువాత సాధారణంగా కనీసం 50 ఏళ్లు నిలుస్తుంది. కొన్ని దేశాల్లో ఈ గడువు 60, 70 ఏళ్లు. అంటే మీ పుస్తకం మీ వారసులకు దక్కే ఆస్తి. హక్కులు ఎవరికి చెందాలో వీలునామాలో పేర్కొనండి. ముద్రణ ఫైలు, దిద్దుబాటుకు వీలైన మూల ఫైలు, ముఖచిత్రం, ఒప్పందాల నకళ్లు ఒకే చోట పెట్టి, ఏ ఖాతా ఏ ఈమెయిలుతో తెరిచారో, రాయల్టీ ఏ బ్యాంకు ఖాతాలో పడుతుందో ఒక కాగితంపై రాసి, ఆ బాధ్యత తీసుకుంటామని ఒప్పుకున్న వ్యక్తికి అవి ఎక్కడ ఉన్నాయో చూపించండి. కొత్త ముద్రణ వేసిన ప్రతిసారీ ఆ కాగితాన్ని కూడా సరిచేయండి.