బైకు పెట్రోల్ ట్యాంకు కారుతోందా? ముందు లోపలి తుప్పు తీయండి

ట్యాంకు అడుగున రంగు బుడగలా ఉబ్బి, గోటితో గీకితే పొరలా ఊడి, కింద తడి కనిపించిందంటే ఆ చిల్లు లోపలి నుంచి పడిందే. నీరు పెట్రోల్ కన్నా బరువు, అందుకే అడుగుకు చేరుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ నీరు పెట్రోల్ నుంచి విడిపోయి మూలల్లో నిలుస్తుంది. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) లేని వైపు నుంచి నీరు బయటికి పోయే దారే ఉండదు కాబట్టి ఆ వైపు అడుగు అతుకును ముందు చూడండి.

కారుతున్న తడి మీద ఎంసీల్ ముద్ద అద్దితే పట్టేది తుప్పునే, ఇనుమును కాదు. వారం తిరక్కుండా ఊడుతుంది. బండిని ఇంటిదాకా తెచ్చుకోవాలంటే చిల్లు మీద ఎండు బట్టల సబ్బు గట్టిగా రుద్దండి. సబ్బు పెట్రోల్‌లో కరగదు, ఆ కాసేపటికి ఆగుతుంది. అంతకుమించి దాన్ని నమ్మొద్దు.

ట్యాంకును ఆరుబయట, పొయ్యికీ దీపానికీ మోటారు స్విచ్చుకీ దూరంగా ఖాళీ చేయండి. పెట్రోల్‌ను ఇనప క్యానులోకే పట్టండి, ప్లాస్టిక్ బకెట్‌లోకి కాదు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. లోపల మిగిలే ఆవిరి గాలితో కలిసి ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే ఇంట్లో వెల్డింగ్, బ్రేజింగ్ వద్దే వద్దు. ఎంత కడిగినా తుప్పు పొరల కింద పెట్రోల్ దాగి ఉంటుంది, మంట తగలగానే ఆవిరవుతుంది.

కాక్, మూత, మూత రబ్బరు, ఫ్యూయల్ గేజి ఫ్లోటు తీసేయండి. ఇంజెక్షన్ బండి అయితే పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది, అది కూడా బయటికి రావాలి. కాక్ రంధ్రానికి పాత సైకిల్ ట్యూబు ముక్క, రేకు పెట్టి బోల్టులు బిగించండి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు వేసి వేడినీళ్లతో మూడుసార్లు కుదిపి కడగండి. తర్వాత నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. తెల్లారి వాసన వస్తే మళ్లీ కడగాల్సిందే.

లోపల పెళుసుగా పెచ్చులు ఉంటే నలభై యాభై చిన్న నట్లు లెక్కపెట్టి వేసి, కాస్త నీటితో పది నిమిషాలు అన్ని వైపులా కుదపండి. అన్నీ తిరిగి వచ్చాయో లేదో లెక్క చూసుకోవాలి.

తుప్పు తీయడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. పది లీటర్ల గోరువెచ్చటి నీటికి ఒక కిలో కలిపి, ట్యాంకు అంచుదాకా నింపండి. మూత బిగించొద్దు, గ్యాసు పుడుతుంది. చిల్లు చుక్కలుగా కారుతుంటే కింద టబ్బు పెట్టి, తగ్గినంత మళ్లీ పోయండి. 12 నుంచి 24 గంటల్లో ఇనుము బూడిదరంగుకు తిరుగుతుంది. బాత్రూం యాసిడ్ వాడొద్దు. అది తుప్పుతోపాటు మంచి రేకునూ తింటుంది.

ఇక్కడ చాలామంది కంగారు పడతారు: ఒక చిల్లు ఉన్నచోట మూడు కనిపిస్తాయి. నిమ్మ ఉప్పు కొత్తగా చేసినవి కావు. తుప్పు ఇన్నాళ్లూ వాటిని పూడ్చి ఉంచింది.

ద్రావణం పారబోశాక లీటరు నీటికి వంద గ్రాముల వంట సోడా కలిపి లోపల తిప్పండి. నురగ పొంగుతుంది, మూతి తెరిచే ఉంచాలి. ఒక్కసారి మంచినీటితో కడిగి, వెంటనే 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి తిప్పి వంపేసి, ఎండలో బోర్లించండి. ఆలస్యమైతే పది నిమిషాల్లోనే నారింజ రంగు పొర కడుతుంది. ఆల్కహాల్ ఆవిరి ఉండగా హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు.

వాసనంతా పోయాక, మర్నాడు చీకటి గదిలో ట్యాంకు మూతి మీద సెల్‌ఫోన్ టార్చి పెట్టండి. చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. ఒక్కోదాని చుట్టూ పదునైన మేకుతో నొక్కండి. రెండు మూడు చోట్ల రేకు లోపలికి దిగిపోతే ఆ ట్యాంకు పనికిరాదు, వేరేది చూసుకోండి.

గట్టిగా ఉంటే చిల్లు చుట్టూ నాలుగు సెంటీమీటర్ల మేర 80 నంబరు ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా గీకి, అసిటోన్ గుడ్డతో తుడవండి. ఆపైన వేలు తగలనివ్వొద్దు. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కాకుండా 24 గంటల ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) తీసుకుని, పెట్రోల్‌కు ఆగుతుందని ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. పలచగా పూసి, ఫైబర్ గ్లాస్ గుడ్డ ముక్క అద్ది, పైన మరో పూత వేయండి. గుడ్డ కింద గాలిబుడగ ఉంటే అక్కడే మళ్లీ కారుతుంది.

ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక, రంగు వేయకముందే పరీక్ష. అడుగంతా పలచగా సున్నం పూసి ఆరనివ్వండి. లోపల రెండు లీటర్ల డీజిల్ పోసి ఓ పూట అటూఇటూ వాల్చి ఉంచండి. నీరు దూరలేని సందులో డీజిల్ దూరుతుంది, తెల్లటి సున్నం మీద నల్లటి మచ్చ తేలుతుంది. మచ్చ లేకపోతే డీజిల్ తీసి, కాస్త పెట్రోల్‌తో రెండుసార్లు కడిగి, బయట ప్రైమర్ వేయండి. కాక్ కొత్త రబ్బరు రింగుతో బిగించండి. కార్బురేటర్ బండి అయితే పైపు మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టి, మొదటి నెల రెండుసార్లు విప్పి చూడండి. అందులో ఎర్రటి పొడి చేరితే లోపల తుప్పు ఇంకా మిగిలి ఉంది, నిమ్మ ఉప్పు పని మళ్లీ చేయాలి.