అహీరామ్ అక్షరాల కోసం బిబ్లోస్ వెళ్లేవారికి

లెబనాన్ తీరంలోని పురాతన ఊరు బిబ్లోస్ చూడాలంటే ముందు రాజధాని బేరూత్‌లోని నేషనల్ మ్యూజియంలో ఒక పూట గడపండి. నేను ఇది తెలియక నేరుగా ఊరికి వెళ్లాను. ఖాళీ గోతుల చుట్టూ తిరిగి వచ్చి, మర్నాడు మ్యూజియంలో అసలు వస్తువును చూశాక మళ్లీ బస్సెక్కాను. రెండోసారి చూసినప్పుడే ఆ ఊరు నాకు అర్థమైంది.

ఆ వస్తువు ఒకప్పుడు బిబ్లోస్‌ను ఏలిన అహీరామ్ రాజు రాతి శవపేటిక. నాలుగు సింహాలు దాన్ని మోస్తుంటాయి. ఒక పక్క రాజు సింహాసనం మీద కూర్చుని, వాడిపోయి తలవాల్చిన తామరపువ్వును చేతిలో పట్టుకుని ఉంటాడు. రెండు చివర్లలో స్త్రీలు జుట్టు పీక్కుంటూ, గుండెలు బాదుకుంటూ ఏడుస్తుంటారు. బొమ్మలు చూసి వచ్చేయకండి. వంగి, పేటిక అంచునూ మూత అంచునూ చూడండి. తండ్రి కోసం కొడుకు ఇత్తోబాల్ చెక్కించిన వాక్యం అక్కడ ఉంది. ఈ పేటికను కదిపినవాడి రాజదండం విరిగిపోవాలి, సింహాసనం తలకిందులు కావాలి అని శాపం. సుమారు క్రీ.పూ. 1000 నాటి రాత. ఈ తీరంలో ఒకప్పుడు ఉన్న ఫినీషియన్ల లిపిలో మనకు దొరికిన తొలి పెద్ద శాసనాల్లో ఇదొకటి. అచ్చులకు గుర్తులు లేని 22 అక్షరాల లిపి అది. కుడి నుంచి ఎడమకు చదవాలి.

రేపల్లె దగ్గర హైస్కూల్లో నేను ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పాను. ఏటా పిల్లలను భట్టిప్రోలు స్తూపానికి తీసుకెళ్లి, 1892లో అక్కడ బయటపడ్డ, బౌద్ధ అవశేషాలు దాచిన ధాతు పేటికల గురించి చెప్పేదాన్ని. అవీ రాతి పేటికలే, వాటి మీదా అక్షరాలే, బ్రాహ్మి అక్షరాలు. ఆ బ్రాహ్మి కుటుంబం నుంచే మన తెలుగు లిపి వచ్చింది. బ్రాహ్మికి అరమాయిక్ లిపి మూలమనీ, అరమాయిక్‌కు ఫినీషియన్ మూలమనీ చాలామంది పండితులు అంటారు. బ్రాహ్మి ఇక్కడే పుట్టిందనేవారూ ఉన్నారు. ఆ వాదం తేలకపోయినా, అహీరామ్ పేటిక ముందు నేను చాలాసేపు కదలలేకపోయాను.

1975లో మొదలైన అంతర్యుద్ధంలో ఈ మ్యూజియం సరిగ్గా కాల్పుల సరిహద్దు మీద పడింది. అప్పుడు దాని బాధ్యుడు మోరిస్ షెహాబ్, ఆయన భార్య కలిసి, కదపడానికి వీల్లేని పెద్ద రాళ్ల చుట్టూ కాంక్రీటు పోయించి కాపాడారు. పదిహేనేళ్ల యుద్ధం ముగిశాకే ఆ కాంక్రీటు పగలగొట్టారు.

మర్నాడు పొద్దున్నే బిబ్లోస్‌కు బయలుదేరండి. అక్కడివారు ఊరిని జ్బేల్ అంటారు. బస్సు వాళ్లకు ఆ పేరే చెప్పాలి. బేరూత్ నుంచి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్లు. దోరా కూడలిలో చిన్న బస్సులు దొరుకుతాయి. హైవే మీద దిగి, సముద్రం వైపు కిందికి నడిస్తే పాత ఊరు వస్తుంది. తవ్వకాల స్థలంలో నీడ తక్కువ. టోపీ, నీళ్లు, గట్టి చెప్పులు తప్పనిసరి.

లోపలికి వెళ్లగానే 12వ శతాబ్దపు క్రూసేడర్ల (యూరప్ నుంచి మతయుద్ధాలకు వచ్చిన క్రైస్తవ సైనికుల) కోట ఎక్కండి. రోమన్ కట్టడాల రాళ్లు తెచ్చి కట్టిన కోట ఇది. పైనుంచి చూస్తే స్థలమంతా పటంలా కనిపిస్తుంది. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని దిగితే దారి తప్పరు. కొత్తరాతియుగం నుంచి జనం నివసించిన నేల కాబట్టి, ఒక కాలపు గోడ పక్కనే ఇంకో కాలపు గోడ ఉంటుంది.

నిలువురాళ్ల గుడి దగ్గర కాసేపు ఆగండి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషిని మించి ఉంటాయి. దీని కింద అంతకంటే పాత గుడి ఉందని తెలిసి, తవ్వకాల అధికారి మోరిస్ దునాఁ పై గుడిని రాయి రాయిగా తీసి పక్కన మళ్లీ నిలబెట్టించాడు. ఆయన 1920ల నుంచి సుమారు యాభై ఏళ్లు ఇదే ఊళ్లో తవ్వాడు. పక్కనే బాలత్ గెబాల్, అంటే గెబాల్ అమ్మవారి గుడి పునాదులు ఉన్నాయి. గెబాల్ ఈ ఊరి పాత పేరు. రోమన్ నాటకశాలలో కొన్ని మెట్ల వరుసలే మిగిలాయి. అవి కూర్చుని సముద్రం చూడటానికి బాగుంటాయి.

రాజుల సమాధులను చివరికి ఉంచుకోండి. 1922లో కొండచరియ విరిగిపడి మొదటి సమాధి బయటపడింది. తర్వాత మొత్తం తొమ్మిది దొరికాయి. అన్నీ రాతిలోకి తొలిచిన బావుల్లాంటివి. అంచులకు దగ్గరగా వెళ్లకండి, పిల్లలుంటే చెయ్యి వదలకండి. అహీరామ్ పేటికను 1923లో పురావస్తు పరిశోధకుడు పియేర్ మోంతే ఇలాంటి బావి అడుగునే కనుగొన్నాడు. దిగబోయేవాడికి కీడు తప్పదని హెచ్చరించే చిన్న రాత బావి గోడ మీద కూడా ఉండేది. నిన్న చూసిన పేటికను మనసులో ఆ చీకట్లోకి దింపి చూడండి.

మధ్యాహ్నం పాత బజారులో శాకాహారులకు ఇబ్బంది లేదు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన జాతర్ మనాఈష్ (ఆకుల పొడి చల్లిన రొట్టె), శనగల ముద్ద హుమ్ముస్, బాకలా చిక్కుడు గింజలతో చేసే ఫూల్ దొరుకుతాయి.

ఎండ తగ్గాక రేవుకు వెళ్లండి. ఇప్పుడు చేపల పడవలే ఉన్న ఈ తీరం నుంచి ఒకప్పుడు దేవదారు దుంగలు ఈజిప్టుకు వెళ్లేవి. రెల్లుతో చేసిన ఈజిప్టు కాగితం పపైరస్ ఈ ఊరి మీదుగా గ్రీకులకు చేరింది. పుస్తకానికి వారు వాడిన మాట ఈ ఊరి పేరుతో ముడిపడిందని అంటారు. బైబిల్ అనే మాటా ఆ వరుసలోదే. వెనామున్ అనే ఈజిప్టు పూజారి దేవుడి పడవకు కలప కొనడానికి ఇక్కడికి వచ్చిన కథ ఒక పపైరస్ మీద మిగిలింది. జకర్‌బాల్ రాజు అతణ్ని 29 రోజులు రేవులోనే నిలబెట్టి, రోజూ ‘నా రేవు విడిచి పో’ అని కబురు పంపాడట. చివరికి వెండి బంగారాలతో పాటు 20 బస్తాల పప్పు, 30 బుట్టల చేపలు కూడా వచ్చాకే చెట్లు కొట్టించాడు.

లెబనాన్‌లో పరిస్థితులు త్వరగా మారతాయి. భారత విదేశాంగ శాఖ సూచనలు చూశాకే టికెట్ కొనండి. పాస్‌పోర్టులో ఇజ్రాయెల్ ముద్ర ఉంటే లోపలికి రానివ్వరు. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడకముందే హైవే మీదికి చేరుకోండి. బస్సు చెయ్యెత్తితేనే ఆగుతుంది.