మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన కెనడా సైనికుడి సర్వీసు ఫైలు వెతికి చదవడం ఎలా

1914-18 యుద్ధానికి కెనడా పంపిన దళంలోని సైనికుల ఫైళ్లు 6,20,000కు పైగా ఉన్నాయి. అట్టావాలోని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వాటన్నిటినీ స్కాన్ చేసి, 2018 నాటికి వెబ్‌సైట్‌లో పెట్టేసింది. డౌన్‌లోడ్‌కి పైసా ఖర్చు లేదు.

పేరుతో వెతికితే చిక్కు. జాన్ స్మిత్‌లు కుప్పలు తెప్పలు. ఆ దళంలో పనిచేసినట్టు తెలిసిన సిక్కులు పదిమందే అయినా వాళ్ల పేర్ల స్పెల్లింగు కాగితానికో రకం. ఏది ఇంటిపేరో గుమాస్తాలకు అర్థమయ్యేది కాదు (ఈ అవస్థ మనకు కొత్తేమీ కాదు). అందుకే ముందు రెజిమెంటల్ నంబరు, అంటే సైన్యంలో చేరినప్పుడు సైనికుడికి ఇచ్చిన నంబరు, పట్టుకోండి. ఇంట్లో పతకం ఉంటే దాని అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. సమాధి రాయి మీదా దొరుకుతుంది. ఆఫీసర్లకు మాత్రం నంబర్లు లేవు, వాళ్లను పేరుతోనే వెతకాలి.

నంబర్లను బెటాలియన్‌కో వరుస చొప్పున కేటాయించారు. కాబట్టి ఎక్కడ చేరాడో నంబరే చెబుతుంది, ఎక్కడ పోరాడాడో చెప్పదు. చాలా బెటాలియన్లను ఇంగ్లండ్‌లోనే విడదీసి, మనుషుల్ని వేరే వాటికి పంచేశారు. పైన చెప్పిన పదిమంది సిక్కుల్లో ఒకడైన బుక్కమ్ సింగ్ 1915లో 59వ బెటాలియన్‌లో చేరాడు, యుద్ధం చేసింది 20వ బెటాలియన్‌తో.

ఫైల్లో అందరూ ముందు చూసేది అటెస్టేషన్ పేపర్, అంటే సైన్యంలో చేరేటప్పుడు నింపిన పత్రం. ఎత్తు, ఛాతీ కొలత, మతం, వృత్తి, దగ్గరి బంధువు పేరు అందులో ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. రుజువు అడిగేవారు కాదు గనక కుర్రాళ్లు వయసు పెంచి, పెద్దవాళ్లు తగ్గించి చెప్పేవారు.

అసలు సరుకు క్యాజువాల్టీ ఫారంలో ఉంది. గాయాలు, జబ్బులే కాదు, యూనిట్ మారడం లాంటివీ ఇందులోనే రాసేవారు. ఇందులో తేదీల గడులు రెండు. ఎడమవైపుది కబురు అందిన తేదీ, కుడివైపు స్థలం పేరు పక్కన ఉన్నది సంఘటన జరిగిన తేదీ. ఎడమది పట్టుకుంటే గాయమైన రోజు కాస్తా వారం అటూ ఇటూ అయిపోతుంది, ఆ తర్వాత ఏదీ పొసగదు. టి.ఓ.ఎస్. అంటే యూనిట్ బలగంలో చేర్చుకున్నారని, ఎస్.ఓ.ఎస్. అంటే తీసేశారని. జి.ఎస్.డబ్ల్యూ. తూటా గాయమే అయినా, ఫిరంగి గుండు ముక్క తగిలినా చాలాసార్లు అదే రాసేవారు. పి.యు.ఓ. అంటే కారణం తెలియని జ్వరం. ఎక్కువగా కందకాల్లో పేల వల్ల వచ్చేదే. వి.డి. కనిపిస్తే సుఖవ్యాధి. దానికి జీతంలో కోత పడేది, జీతం పట్టీలో సరిచూసుకోవచ్చు.

తేదీ, బెటాలియన్ ఖాయమయ్యాక అదే సంస్థ దగ్గరున్న ఆ బెటాలియన్ యుద్ధ డైరీ (ఏ రోజుకారోజు రాసిన అధికారిక నమోదు) తెరవండి. అందులో మీ మనిషి పేరు కోసం వెతికి నిరాశపడకండి. ఆఫీసర్లకే పేర్లు, మామూలు సిపాయిలు ‘ఓ.ఆర్.’ (అదర్ ర్యాంక్స్, అంటే ఆఫీసర్లు కానివాళ్లు) కింద లెక్కగానే కనిపిస్తారు. ఆ రోజు ఏ కందకంలో ఉన్నారు, వాన పడిందా, గుండ్లు ఎన్నింటికి మొదలయ్యాయి అన్నవి దొరుకుతాయి.

చనిపోయినవారికైతే ఎలా చనిపోయారో రాసిన ‘సర్కమ్‌స్టాన్సెస్ ఆఫ్ డెత్’ రిజిస్టర్లు చూడండి. శవం దొరకనివారి పేర్లు ఫ్రాన్స్‌లో అయితే విమీ స్మారకం మీద, బెల్జియంలో అయితే ఈప్ర ఊళ్లోని మెనిన్ గేట్ స్మారకం మీద ఉంటాయి.

న్యూఫౌండ్‌ల్యాండ్ 1949 దాకా కెనడాలో భాగం కాదు, అందుకే న్యూఫౌండ్‌ల్యాండ్ రెజిమెంట్ రికార్డులు వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించినవారి ఫైళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి. బతికి వచ్చినవారివైతే, చనిపోయి 20 ఏళ్లు దాటాలి. మరణానికి రుజువు జతచేసి అర్జీ పెట్టుకోవాలి.