మన బండి మనమే తెలుసుకుందాం – 3వ పాఠం: షాకప్‌లు, స్ట్రట్‌లు ఏవి కొనాలె?

పోయిన పాఠంలో బండిని ఒక్కో మూలన అదిమి వదిలి చూసుడు, టైర్ మీద అరచెయ్యి పెట్టి గుంతలు గుంతలుగ అరిగిందా అని తడుముడు నేర్చుకున్నం కదా, చేసి చూసినోళ్లకు షాకప్‌లు పోయినయా లేదా తెలిసే ఉంటది. ఇయ్యాల షాపుకు పోదాం. కానీ జేబుల చెయ్యి పెట్టేముందు ఒక్క ముచ్చట బుర్రకు ఎక్కాలె.

బరువు మోసేది స్ప్రింగ్, షాకప్ కాదు. గుంతల పడి లేచినంక స్ప్రింగ్ ఊగుతనే ఉంటది, ఆ ఊపును ఆపుడే షాకప్ పని. లోపల నూనెల పిస్టన్ పైకీ కిందికీ పోతాంటే, నూనె సన్న సందులకెళ్లి దూరుడుకు ఊపంతా వేడిగ మారుతది. అందుకే దేవరకొండ దిక్కు గుంతల రోడ్ల మీద గంట నడిపి ఆపినప్పుడు నాలుగు షాకప్‌లు మెల్లగ ముట్టి చూడుండ్రి (సైలెన్సర్ పక్కన జాగ్రత్త), మూడు వెచ్చగ ఉండి ఒక్కటే చల్లగ ఉందంటే అది పని చేస్తలేదని లెక్క.

మా బావది మిర్యాలగూడల కిరాణ దుకాణం, వెనక సీటు మడిచి 25 కిలోల బియ్యం బస్తాలు పది దాక ఏస్తడు, అంటే 250 కిలోలు. వెనక కూలబడ్డదని ఒక షాపాయన చెప్తే హెవీ షాకప్‌లు ఏయించిండు. బండి ఒక్క ఇంచు కూడ లేవలే, పైగ ఖాళీగ పోతే నడుములు ఇరుగుతున్నయని అక్క ఒకటే పోరు. ఆఖరికి స్ప్రింగులు మారుస్తె లేచింది. గ్యాస్ షాకప్ ఏస్తె కొద్దిగ లేస్తది నిజమే, కానీ అది బస్తాలు మోసేంత కాదు.

ఇగ స్ట్రట్ అంటే ఏంది? ఇప్పటి చిన్న కార్లల్ల ముందటివి చానావరకు స్ట్రట్‌లే, 1940లల్ల మాక్‌ఫర్సన్ అనే ఇంజనీర్ తెచ్చిన పద్ధతి. అది కూడ షాకప్పే, కానీ దాని ఒంటి మీదనే స్ప్రింగ్ కూసుంటది, చక్రం దాన్నే పట్టుకొని నిలబడుతది, స్టీరింగ్ తిప్పితే అది కూడ తిరుగుతది. బొలెరో అసొంటి బండ్లకు వెనక కమాన్ పట్టీలు వేరే, షాకప్ వేరే, అక్కడ మార్చుడు సులువు. ముందట స్ట్రట్ కాడ మాత్రం కక్కుర్తి పడొద్దు, పాతదాన్ని కోసి నూనె పోసి వెల్డింగ్ చేసి ఇచ్చేటియి అస్సలు ఏయించుకోకుండ్రి, బ్రేకూ స్టీరింగూ రెండూ దాని మీద ఆధారపడి ఉన్నయి.

నూనెదా గ్యాస్‌దా అని అందరూ అడుగుతరు. ఉత్త నూనె షాకప్ ఎడతెగని గుంతల రోడ్డు మీద పోతుంటే లోపల నురగ కట్టి పట్టు పోతది. నైట్రోజన్ నింపిన దాంట్ల నురగ తక్కువ. హైదరాబాద్–విజయవాడ హైవే మీద స్పీడ్‌గ పోయెటోళ్లకు, ఊర్ల మట్టిరోడ్లకు రోజూ తిరిగెటోళ్లకు నేనైతే గ్యాస్‌దే చెప్త. నల్లగొండ టౌన్ల ఇల్లూ ఆఫీసూ తప్ప ఎటూ పోనోళ్లకు కంపెనీల నుంచి వచ్చిన రకమే మళ్ల ఏస్కుంటె చాలు. గాబ్రియేల్, మన్రో, కెవైబి అసొంటివి దొరుకుతయి, కానీ పేరు కన్నా పార్ట్ నంబర్ ముఖ్యం. డీజిల్ ఇంజన్ బరువెక్కువ, దాని ముందటి స్ట్రట్ పెట్రోల్ బండికి సరిపోకపోవచ్చు, కుడి ఎడమలు కూడ వేరు వేరుంటయి, బ్రేక్ పైపు క్లిప్పు ఏ పక్కకుందో చూసి పోల్చుకోవాలె.

కౌంటర్ మీదనే డబ్బా విప్పుండ్రి. మెరిసే రాడ్ మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీయుండ్రి, ఎక్కడ గోరు తట్టుకున్నా వాపస్ ఇచ్చేయుండ్రి, ఆ గీతే రేపు సీల్‌ను చింపి నూనె కార్పిస్తది. గ్యాస్‌దైతే అదిమి వదిలితే రాడ్ తనంతట తనే మెల్లగ బయటికి రావాలె.

ఎప్పుడు మార్చినా జతగనే, ముందటి రెండూ లేకుంటే వెనక రెండూ. ఒక్కటే మారిస్తె ఒక పక్క గట్టిగ, ఒక పక్క వదులుగ ఉండి గుంతల మీద బ్రేక్ కొట్టినప్పుడు బండి బెదురుతది. స్ట్రట్‌తోటి పై మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాపర్ (షాకప్ పూర్తిగ అణిగినప్పుడు దెబ్బ ఆపే రబ్బరు), దుమ్ము తొడుగు కూడ తీస్కోండ్రి, మళ్ల విప్పితే మళ్ల కూలి. మార్చినంక అలైన్‌మెంట్ (చక్రాలు సూటిగ ఉండేటట్టు సరిచేసుడు) తప్పకుండ చేయించాలె, లేకుంటే కొత్త టైర్లు ఒక పక్కకు తినేస్తయి. ఇంకోటి, గుంతలల్ల టక్ టక్ అంటాంటే ముందు లింక్ రాడ్ (బండి ఒరగకుండ ఆపే అడ్డ కడ్డీని చక్రం దిక్కుకు కలిపే చిన్న రాడ్) కదిలించి చూడుండ్రి, చానాసార్లు ఆ చప్పుడు దానిదే, ఖర్చు కూడ తక్కువ.

వచ్చే పాఠంలో విప్పుడు మొదలుపెడదాం. స్ప్రింగ్ నొక్కే పనిముట్టు లేకుండ స్ట్రట్ పై నట్టు ముట్టొద్దు, నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణం పోతది. అప్పటిదాక ఒక్క పని చేయుండ్రి: ఎత్తుపల్లం లేని సాఫ్ నేల మీద ఖాళీ బండి ఆపి, చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాక నాలుగు పక్కలా టేపుతోటి కొలిచి రాసి పెట్టుకోండ్రి, ఆ నాలుగు నంబర్లు మనకు కావాలె.