నీళ్లు కూడా గొంతు దిగడం లేదా? అకలేషియాని పట్టుకునేదిలా

ముద్ద ఛాతీలో అడ్డం పడుతోందంటే మన ఇళ్లలో మొదట వినిపించేది "గ్యాస్ అయ్యుంటుందిలే" అనే. నెలల తరబడి గ్యాస్ బిళ్లలు మింగుతూ కూర్చుంటారు. అకలేషియాకి ఆ బిళ్లలు పనిచేయవు. ఇందులో చెడేది అన్నవాహిక గోడలోని నరకణాలు, దాంతో ముద్దను కిందికి తోసే కదలిక పోతుంది, అడుగున ఉండే కవాటం మింగినప్పుడు వదులవదు. అరుదైన జబ్బు, ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుందంతే.

ముందు ఒక్కటి గమనించండి: అన్నం మాత్రమే అడ్డుతోందా, మంచినీళ్లు కూడానా? గొట్టం సన్నబడినా, గడ్డ ఉన్నా సాధారణంగా ముందు గట్టివి ఆగుతాయి, ద్రవాల వంతు తర్వాత వస్తుంది. అకలేషియాలో చాలామందికి మొదటినుంచీ రెండూ ఆగుతాయి. పడుకుంటే రాత్రి తిన్న మెతుకులు పులుపు లేకుండా అలాగే నోట్లోకి రావడం, నిద్రలో పొరబోయి దగ్గు, బరువు తగ్గడం ఉంటే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఏమీ దిగకపోతే, నెత్తురు పడితే అదే రోజు వెళ్లండి.

మొదటి పరీక్ష ఎండోస్కోపీ. కవాటం దగ్గర కేన్సర్ ఉన్నా అచ్చం ఇలాగే అనిపిస్తుంది కాబట్టి, పెద్ద వయసులో వేగంగా చిక్కిపోతున్నవాళ్లు దీన్ని అస్సలు వాయిదా వేయకూడదు. తిన్నది లోపలే నిలిచిపోతోందని డాక్టర్‌కి ముందే చెప్పండి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎక్కువసేపు ఏమీ తినకుండా రమ్మంటారు, ముందు రోజు నుంచి ద్రవాలే తీసుకోమనొచ్చు.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రిపోర్టు నార్మల్ అని రాగానే "టెన్షన్ వల్లే, ఏం లేదు" అని ఇంటికి పంపేస్తారు. తొలిదశలో ఎండోస్కోపీకి ఏమీ కనిపించకపోవచ్చు, అందుకే మానోమెట్రీ (అన్నవాహికలో ఒత్తిడిని కొలిచే పరీక్ష) చేయమని మీరే అడగండి, మొహమాటం వద్దు.

బేరియం పరీక్షలో తెల్లటి మందు తాగించి, నిలబెట్టి 1, 2, 5 నిమిషాలకు ఎక్స్‌రే తీస్తారు. మందు దిగకుండా నిలిచి, కింద పక్షి ముక్కులా సన్నబడితే అనుమానం బలపడినట్టే.

తేల్చేది మాత్రం మానోమెట్రీ. ముక్కుకి మత్తు జెల్ రాసి సన్నటి గొట్టం దింపుతారు, కాసేపు వాంతి వచ్చినట్టు ఉంటుంది, ఆపైన చెంచాడు చెంచాడు నీళ్లు మింగమంటారు. మింగినప్పుడు కవాటం ఎంత వదులవుతోందో చెప్పే ఐఆర్‌పీ అనే అంకె మామూలుకన్నా ఎక్కువుండి (హద్దు మెషీన్‌ని బట్టి మారుతుంది), తోసే కదలిక సరిగా లేకపోతే అకలేషియానే. ట్రామడాల్ లాంటి నొప్పి మందులు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్ల కూడా ఇలాంటి రిపోర్టే రావచ్చు. రిపోర్టులో 1, 2, 3 రకాల్లో ఏదో రాశారో లేదో చూసుకోండి, చికిత్స దాన్నిబట్టి మారుతుంది: 2వ రకం బాగా లొంగుతుంది, 3వ రకానికి సాధారణంగా పోయెమ్ (నోట్లోంచి ఎండోస్కోప్ పంపి కవాటం కండరాన్ని కోసే పద్ధతి) వైపు మొగ్గుతారు.