పిల్లల ఆటస్థలానికి ఏ నేల మేలు: అనంతపురం ఎండకు, మట్టికి తగిన ఎంపిక

అనంతపురంలో కాలనీ పార్కులోనో, బడి ఆవరణలోనో పిల్లలకు ఆటస్థలం కట్టాలనుకున్నప్పుడు మాటలన్నీ ఉయ్యాలలు, జారుడుబండల చుట్టూనే తిరుగుతాయి. వాటి కింద నేల ఎలా ఉండాలన్న ప్రశ్న, ఉన్న డబ్బంతా ఖర్చయ్యాక గానీ రాదు. ఆటస్థలాల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పైనుంచి కింద పడటం వల్ల తగిలేవే కాబట్టి, ఈ క్రమాన్ని తిరగవేయాలి. ఆట పరికరం ఎత్తు, దాని కింది నేల అనేవి రెండు వేరువేరు కొనుగోళ్లు కావు, రెండింటినీ ఒకేసారి తేల్చుకోవాలి.

ముందుగా పనికిరాని వాటిని పక్కన పెడదాం. తాడిపత్రి, బేతంచెర్ల బండలు మనకు చేరువలో దొరుకుతాయి, పరిస్తే చూపుకు శుభ్రంగా ఉంటాయి. అందుకే ఆటస్థలంలో కూడా వాటినే పరిచే అలవాటు కనిపిస్తుంది. కానీ నాలుగడుగుల ఎత్తు నుంచి తల కిందుగా పడిన బిడ్డకు నాపరాయి, సిమెంటు, తారు మూడూ ఒకటే. గరుసు తోలించి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టించిన నేల కూడా వాటికి పెద్దగా తీసిపోదు. పచ్చిక మెత్తగా అనిపించినా, పిల్లలు తొక్కే చోట నెలల్లోనే అరిగిపోయి, మన వేసవికి ఎండి, గట్టి ఎర్రమట్టి బయటపడుతుంది కనుక ఎత్తయిన పరికరాల కింద దాన్ని నమ్ముకోకూడదు.

తర్వాత టేపు పట్టుకుని ఎత్తు కొలవాలి. జారుడుబండకైతే బిడ్డ నిలబడే పై వేదిక నుంచి, ఎక్కే చట్రానికైతే దాని కొన నుంచి, ఉయ్యాలకైతే గొలుసు వేలాడే పై కమ్మీ నుంచి నేల వరకు ఉన్న దూరమే పడే ఎత్తు. మెత్తని నేల పరికరం కింద మాత్రమే ఉంటే చాలదు, చుట్టూ అన్ని వైపులా కనీసం 6 అడుగులు ఉండాలి. ఉయ్యాలకు ముందూ వెనకా మాత్రం కమ్మీ ఎత్తుకు రెట్టింపు దూరం కావాలి. అంటే కమ్మీ 8 అడుగుల ఎత్తున ఉంటే ముందు 16 అడుగులు, వెనక 16 అడుగులు. స్థలం చిన్నదైతే ఉయ్యాలను మానుకోవడమే సరైన నిర్ణయం.

మన ప్రాంతంలో అందరికీ అందుబాటులో ఉండేది ఇసుక. అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా సంఘం లెక్క ప్రకారం, అణగిన తర్వాత 9 అంగుళాల మందం మిగిలిన ఇసుక 4 అడుగుల ఎత్తు వరకే కాపాడుతుంది. తగిన ఇసుకను 300 మిల్లీమీటర్ల మందాన పోసి, చెదిరిపోయే దానికి మరో 100 కలిపితే 3 మీటర్ల ఎత్తు వరకు సరిపోతుందని యూరప్ ప్రమాణం ఈఎన్ 1176 చెబుతుంది. ఈ రెండింటిలో మొదటి లెక్కనే పాటించమని నా సలహా, ఎందుకంటే రోజూ ఇసుకను సరిచేసే మనిషి మన పార్కుల్లో అరుదు. చిన్నపిల్లల పొట్టి జారుడుబండకు ఇసుక చక్కగా సరిపోతుంది. పోసిన మందంలో కనీసం నాలుగో వంతు అణిగిపోతుంది కాబట్టి అడుగు మందం పోయాలి. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల స్థలానికి 400 ఘనపుటడుగులు, అంటే 4 యూనిట్ల ఇసుక అవుతుంది.

ఏ ఇసుక పడితే ఆ ఇసుక పనికిరాదు. మట్టి కలిసిన ఇసుక వానకు తడిసి ఎండిందంటే గడ్డ కడుతుంది. క్రషర్ నుంచి వచ్చే రాతిపొడి, ఎం-శాండ్ గరుకు అంచుల వల్ల, అందులోని సన్నని పొడి వల్ల ఒకదానికొకటి బిగుసుకుంటాయి. కడిగిన, గుండ్రని రేణువుల నది ఇసుకే కావాలి. లారీ దింపకముందే గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన ఒండ్రు పొర స్పష్టంగా పేరుకుంటే ఆ లోడు వెనక్కి పంపండి. తడి ఇసుకను పిడికిట్లో నొక్కి తెరిచినప్పుడు ముద్ద విడిపోకుండా నిలిచినా, అరచేతికి ఎర్రగా అంటుకున్నా అంతే.

ఇసుక అసలు లోపం ఉయ్యాల కింద కనబడుతుంది. పిల్లల కాళ్లు రాసుకునే చోట సాయంత్రానికి గుంట పడుతుంది, వేలితో గీరితే అడుగున గరుసు తగులుతుంది. బిడ్డ పడేదీ ఎక్కువగా అక్కడే. అందుకని పరికరం స్తంభాల మీద 12 అంగుళాల స్థాయిలో రంగు గీత వేయించి, గీత బయటపడినప్పుడల్లా నింపాలి. ఉదయం దంతెతో లాగితే ఇసుక వదులవడమే కాక గాజుపెంకులు, తేళ్లు, కుక్కల మలం కంటబడతాయి. నల్లరేగడి నేలలో తవ్విన గుంట వానకు తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది కనుక, అడుగున కంకర పొర, దాని పైన నీటిని వదిలే గుడ్డ, వాలు వైపు కాలువ తప్పనిసరి.

ఉయ్యాలలకు, ఎత్తయిన చట్రాలకు చెక్క పేళ్లు మెరుగు. అణిగాక 9 అంగుళాలు మిగిలితే అవి 10 అడుగుల ఎత్తు వరకు కాపాడతాయి. మేకులు, రంగు, మందు పూసిన ప్లైవుడ్ ముక్కలు లేనివే తీసుకోవాలి, చెదలను కనిపెట్టుకుని ఉండాలి. మన జిల్లాలో బుడ్డల (వేరుశనగ) పొట్టు చవక కదా అని కొందరు అడుగుతారు. అది నలిగి దుమ్మవుతుంది, తడిస్తే బూజు పడుతుంది, కాబట్టి వద్దు.

రబ్బరు పలకలు గానీ, అక్కడికక్కడే పోసి గట్టిపరిచే పోత రబ్బరు గానీ అయితే, చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డకు కూడా దారినిస్తాయి, అది చిన్న మేలు కాదు. అయితే మన ఏప్రిల్, మే ఎండల్లో ముదురు రంగు రబ్బరు పాదాలు కాలేంత వేడెక్కుతుంది. లేత రంగు ఎంచుకుని, పైన నీడ పందిరి వేయించి, పక్కన వేప, కానుగ నాటాలి. పిల్లలను వదిలే ముందు మన చెయ్యి వెనక్కి తిప్పి నేలకు ఆనించి చూడాలి. కృత్రిమ పచ్చికకూ ఇదే వేడి ఉంటుంది, పైగా అడుగున దెబ్బను పీల్చే మెత్త లేకపోతే అది తివాచీతో సమానం.

రబ్బరు అమ్మేవారిని మందం మాత్రమే అడిగి ఊరుకోకండి. నేల దెబ్బను ఎంత పీలుస్తుందో కొలిచే యూరప్ ప్రమాణం ఈఎన్ 1177 గానీ, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1292 గానీ ప్రకారం పరీక్షించిన పత్రం, అందులో ఆ మందానికి రాసిన గరిష్ఠ పడే ఎత్తు చూపించమనండి. ఆ ఎత్తు మీ పరికరం ఎత్తుకన్నా తక్కువైతే మరింత మందమైన పలక అడగండి, లేదా పరికరాన్నే పొట్టిది తీసుకోండి. బిల్లు చెల్లించే ముందు ఒక పలక అంచు లేపించి, మందం పత్రంలో ఉన్నట్టే ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోండి.